మూడింటికి మెలకువొచ్చే మనిషి

లిస్మోర్‌లో మా వీధి ఇళ్ళన్నీ కర్ర కాళ్ళ మీద నిలబడతాయి.
కాళ్ళకి గీతలు:
డెబ్బై నాలుగు, పదిహేడు, ఇరవై రెండు.
చివరి గీత చూడాలంటే మెడ ఎత్తాలి.

ఆ రాత్రి ఫోను చెవికి ఆనించుకుని
మీ కాల్ మాకు ముఖ్యం అనే గొంతు వింటూ
నలభై నిమిషాలు వంటగట్టు మీద కూర్చున్నాను.
ఎదురుగా ఫ్రిజ్ లేచి తేలి
నెమ్మదిగా అటు తిరిగి పడుకుంది.
చివరికి కిటికీ తట్టింది
చేపల పడవేసుకొచ్చిన ఆల్డో.
మూడిళ్ళ అవతలే ఉంటాడు.
అప్పటిదాకా నాకు అతని కుక్క పేరే తెలుసు.

బురద ఎత్తిపోశాక
నోరీన్ గరాజులో కూర్చున్నాం, పద్నాలుగిళ్ళ వాళ్ళం,
తడిసి ఉబ్బిన కుర్చీల్లో.
మిగిలిపోయిన వాల్‌పేపర్ వెనక్కి తిప్పి గోడకంటించి
నోరీన్ రెండు గడులు గీసింది:
ఏం కావాలి? ఏం ఇస్తావు?

మొదటి గడి నిండటానికి వారం పట్టింది.
ఇన్సులిన్ అని రాయడానికి,
మెట్లు దిగలేను అని రాయడానికి
మనిషికి ఎంత సిగ్గో!
చదవడం రాదని ఒకాయన నా చెవిలో చెప్పి
నాచేతే రాయించాడు.

రెండోది సాయంత్రానికే నిండింది.
పడవ. చైన్‌సా.
జనరేటర్, కానీ పెట్రోలు మీరే పోసుకోవాలి.
ఆంటీ లోర్నా రాయలేదు, చెప్పింది:
నీళ్ళు ముందు నది వైపు నించి రావు,
వెనక కాలవలోంచి వస్తాయి. రండి, చూపిస్తా.
మందుల షాపులో పని నాది.
ఎవరికి ఏ మాత్ర లేకపోతే గడవదో ఒక నోటుబుక్కు,
ఒక ఐస్ పెట్టె అని రాశాను.
కాసేపాగి, కింద:
నలభై మందికి పప్పన్నం. ఇంగువ వేస్తాను, ఏమీ అనకూడదు.

డెస్మండ్ ఆఖర్న లేచాడు.
ఎనభై ఒకటి. రెండు మోకాళ్ళూ కొత్తవి.
పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు
చదవకుండా పరీక్షకొచ్చిన పిల్లాడిలా.
తర్వాత రాశాడు:
నాకు ఎలాగూ మూడింటికి మెలకువొస్తుంది.

ఎవరో నవ్వారు. నోరీన్ నవ్వలేదు.
అతని చేతిలో వాకీటాకీ పెట్టింది.

వాన రాత్రుల్లో ఇప్పుడు
పైజామా మీద రెయిన్‌కోటు తొడుక్కుని
డెస్మండ్ వెనక కాలవ దగ్గర కొలకర్ర చదువుతాడు.
మేం పాతిందే అది, లోర్నా చూపిన చోట,
ఆల్డో ఎర్రరంగు పూసి అంకెలు వేసింది.
గరగరల్లోంచి అతని గొంతు:
అరవై రెండు. కదల్లేదు. పడుకోండి.
ఆ చివరి మాట కోసమే కొన్నిసార్లు
నేనూ మేలుకుని ఉంటాను.

మార్చిలో ఒక రాత్రి ఆ మాట రాలేదు.
తొంభై. లేవండి.

చదవడం రాని ఆయన తలుపు ముందు తట్టాలి, తట్టాను.
కార్లు కొండ మీదికి. ఇన్సులిన్ ఐస్‌లోకి.
మెట్లు దిగలేని ఆవిడ కుర్చీతో సహా
నలుగురి భుజాల మీద, ఊరేగింపు దేవతలా,
సిగరెట్టు ఆర్పకుండా.

తెల్లారేసరికి నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చి
ఏదో మరిచిపోయినట్టు వెనక్కి మళ్ళాయి.
పడవతో పని పడలేదు.
స్కూలు వరండాలో పప్పు గిన్నె ఖాళీ అయింది.
ఇంగువ మీద ఒక ఫిర్యాదు.
పేపర్లో రాలేదు. ఏమీ జరగలేదు కదా, ఏం రాస్తారు?

మొన్న డెస్మండ్ షాపుకొచ్చాడు.
నిద్రమాత్రలు. కొత్త డాక్టరు రాసిచ్చిందట.
చీటీ కౌంటర్ మీద పెట్టి, వేలు తీయకుండా అడిగాడు:
ఇవి వేసుకుంటే మూడింటికి లేస్తానా?
లేవరు, అన్నాను.

చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.
వానలు వెళ్ళాక చూద్దాంలే, అని
దగ్గుబిళ్ళలు కొనుక్కుని వెళ్ళాడు.